క్రిప్టో వ్యాపారానికి లైసెన్సులు – రక్షణ ఎవరికి?

కేంద్ర ఆర్థిక శాఖ పరిధిలోని ఆర్థిక నిఘా విభాగం 2026 జనవరిలో క్రిప్టో కరెన్సీ వ్యాపార సంస్థలకు కొత్త మార్గదర్శకాలు జారీ చేసింది. వాటి ప్రకారం ఖాతా తెరవడానికి పాన్ కార్డు ఒక్కటే చాలదు, మరో గుర్తింపు పత్రం కూడా ఇవ్వాలి. ఫోను కెమెరా ముందు కళ్ళార్పో, తల తిప్పో బతికున్న మనిషినేనని రుజువు చేసుకోవాలి. ఆ క్షణంలో మనం ఏ అక్షాంశం, ఏ రేఖాంశం మీద ఉన్నామో తేదీ, సమయంతో సహా సంస్థ నమోదు చేసుకోవాలి. బ్యాంకు ఖాతా నిజంగా మనదేనా అని తేల్చుకోవడానికి ఒక రూపాయి లావాదేవీ జరిపి చూడాలి. కొనేవాళ్ళ గురించి ఇంత వివరంగా పట్టించుకున్న ప్రభుత్వం, అమ్మే సంస్థ మునిగిపోతే ఆ కొన్నవాళ్ళ డబ్బు ఎలా తిరిగి వస్తుందనే ప్రశ్నకు మాత్రం ఇంతవరకూ ఏ చట్టంలోనూ జవాబు రాయలేదు.

స్త్రీల హక్కుల పత్రికకు క్రిప్టో కరెన్సీతో పనేమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చు. అదంతా హైటెక్ సిటీలో కుర్రాళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చుని ఆడుకునే ఆట అనే అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. కొంతకాలం క్రితం వరకూ అందులో కొంత నిజం ఉండి ఉండొచ్చు. కానీ మన సంఘానికి వచ్చే ఫిర్యాదులు ఇప్పుడు వేరే కథ చెబుతున్నాయి. కోస్తా జిల్లాలోని ఒక చిన్న పట్టణం నుంచి వచ్చిన స్త్రీ, కూతురి పెళ్ళికని దాచిన నాలుగు గాజులు కుదువపెట్టి ఏదో 'కాయిన్' కొన్నది. కొనిపించింది బయటివాళ్ళెవరో కాదు, పదిహేనేళ్ళుగా పొదుపు సంఘంలో పక్కన కూర్చున్న మనిషే. ఫోనులో ఆమె కాయిన్ల విలువ రోజురోజుకీ పెరుగుతూనే కనపడింది. డబ్బు వెనక్కి తీసుకుందామని నొక్కితే మాత్రం ముందు 'పన్ను' కట్టమంది. అదీ కట్టింది. తర్వాత ఆ యాప్ తెరుచుకోలేదు.

ఇంకొకామె సమస్య పూర్తిగా వేరు. భరణం కేసులో భర్త తనకు జీతం తప్ప ఏ ఆస్తీ లేదని ప్రమాణపత్రం దాఖలు చేశాడు. కాపురం చేసిన రోజుల్లో అర్ధరాత్రి దాకా కూర్చుని అతను బిట్‌కాయిన్ కొనడం, అమ్మడం ఆమె కళ్ళారా చూసింది. అది ఏ సంస్థలో ఉందో, ఏ పేరుతో ఉందో ఆమెకు తెలియదు. వకీలుకూ తెలియదు. ఎవరిని పిలిపించి అడగమని కోర్టును కోరాలో ఇద్దరికీ అర్థం కాలేదు.

ఈ రెండు ఫిర్యాదులూ పైకి ఒకదానికొకటి సంబంధం లేనివిగా ఉన్నాయి. రెండింటిలోనూ లేనిది ఒక్కటే. అడగడానికి ఒక చిరునామా. లైసెన్సు అనే మాటను స్త్రీలు ఈ వైపు నుంచి చూడాలని మేం అనుకుంటున్నాం.

అసలు ఈ నాణెం ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. 2009లో బిట్‌కాయిన్‌తో మొదలైన ఈ నాణేలు ఏ ప్రభుత్వమూ అచ్చువేసినవి కావు. ప్రపంచమంతటా ఉన్న వేలాది కంప్యూటర్లలో ఒకే లెక్కల పుస్తకం నడుస్తూ ఉంటుంది. ఎవరి దగ్గర ఎంత ఉందో అందులో రాసి ఉంటుంది. ఆ లెక్కను కదిలించాలంటే ఒక రహస్య సంఖ్య కావాలి. అదే తాళంచెవి. అది ఎవరి దగ్గర ఉంటే సొమ్ము వాళ్ళదే. పోగొట్టుకుంటే మళ్ళీ ఇచ్చే బ్యాంకు మేనేజరు ఎక్కడా ఉండడు. మామూలు మనుషులు ఈ గొడవంతా పడలేరు కాబట్టి మధ్యలో ఎక్స్ఛేంజీలు వచ్చాయి. మనం రూపాయలు కడితే వాళ్ళు నాణేలు కొని తమ దగ్గరే, తమ తాళంచెవితోనే ఉంచుతారు. మన ఫోనులో కనిపించేది ఒక అంకె మాత్రమే. ఇక గాజులు కుదువపెట్టిన స్త్రీ కొన్నది ఈ నాణెం కూడా కాదు. ఎవడో తయారుచేసిన యాప్‌లో వాడు నింపిన అంకె. అసలు నాణెం నడిపే ఎక్స్ఛేంజి వేరు, నాణెం పేరుతో గొలుసుకట్టు వసూళ్ళు చేసేవాడు వేరు. అయితే మోసపోయేవాళ్ళకు ఈ తేడా తెలియదు, తెలియకుండా ఉండటమే రెండోవాడి పెట్టుబడి.

వాడికి ఇంకో పెట్టుబడి కూడా ఉంది. అది స్త్రీల మధ్య ఉన్న నమ్మకం. 1992లో దూబగుంట నుంచి రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో స్త్రీలు రోజుకో రూపాయి చొప్పున పొదుపు చేయడం మొదలుపెట్టారు. ఆ పొదుపు సంఘాలు రాష్ట్రమంతా పాకాయి. ఆస్తి లేని స్త్రీలు ఒకరికొకరు పూచీగా నిలబడటం ఆ సంఘాల బలం. ఆ బలాన్ని మొదట కాజేసింది సూక్ష్మరుణ సంస్థలు. వాళ్ళ వసూళ్ళ ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్న తర్వాత గానీ 2010 అక్టోబరులో ఆర్డినెన్సు రాలేదు. ఆ తర్వాత అగ్రిగోల్డ్. 32 లక్షల మంది దాకా డిపాజిటుదారులు, 6,300 కోట్ల రూపాయలకు పైగా బకాయిలు. ఆ సంస్థ ఏజెంట్లు ఊళ్ళో పరాయివాళ్ళు కారు, వదినలు, పిన్నులు, పక్కింటి అక్కలు. సంస్థ మూతపడ్డాక జనం ముందు నిలబడాల్సి వచ్చింది వాళ్ళే. 2020 చివర్లో తెలంగాణలో రుణ యాప్‌ల వేధింపులకు వరసగా ఆత్మహత్యలు జరిగాయి. రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాలపై మార్గదర్శకాలు తెచ్చింది 2022 సెప్టెంబరులో. ప్రతిసారీ ముందు శవాలు లేచాయి, తర్వాత నిబంధనలు వచ్చాయి.

క్రిప్టో విషయంలో ప్రభుత్వం ఇంతకాలం ఏం చేసిందో చూస్తే నిలకడ ఎక్కడా కనపడదు. రిజర్వు బ్యాంకు 2013 డిసెంబరు 24నే ప్రజలను హెచ్చరించింది. 2018 ఏప్రిల్ 6న ఈ వ్యాపారం చేసేవాళ్ళకు బ్యాంకులు ఎలాంటి సేవలూ అందించకూడదని ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. నిషేధించే చట్టం వస్తుందని కొన్నాళ్ళు, నియంత్రించే చట్టం వస్తుందని కొన్నాళ్ళు చెప్పారు. రెండూ రాలేదు. వచ్చింది పన్ను. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం, అదే ఏడాది జులై 1 నుంచి అమ్మిన ప్రతిసారీ మూలంలోనే ఒక శాతం.

ఈ పన్ను గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేం. ఒక నాణెంలో పదివేలు లాభం, మరో నాణెంలో పదివేలు నష్టం వచ్చిన స్త్రీ చేతికి మిగిలింది సున్నా. అయినా ఆమె మూడువేలు పన్ను కట్టాలి. నష్టాన్ని లాభంలో మినహాయించుకునే వీల్లేదు. వేరే ఆదాయమేమీ లేని గృహిణికీ, కోట్లు గడించే వ్యాపారికీ ఒకటే రేటు. అందరికీ వర్తించే ఆదాయపు పన్ను కనీస మినహాయింపు కూడా దీనికి వర్తించదు. లాటరీ గెలిచిన సొమ్ము మీద కూడా 30 శాతమే. అంటే ప్రభుత్వం దృష్టిలో ఇది జూదం. జూదమైతే ఆడనివ్వకూడదు. వ్యాపారమైతే ఆడేవాళ్ళకు రక్షణ ఉండాలి. జూదంలో వాటా మాత్రం తీసుకుని, రక్షణ సంగతి అడిగితే అది మా పరిధిలోకి రాదనడం ఏ నీతి కిందికి వస్తుంది?

2023 మార్చి 7న మరో అడుగు పడింది. ఈ సంస్థలను మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చారు. అప్పటి నుంచి అవి ఆర్థిక నిఘా విభాగంలో నమోదు చేసుకోవాలి, ఖాతాదారుల వివరాలు ఉంచాలి, అనుమానాస్పద లావాదేవీలు తెలియజేయాలి. నమోదు చేసుకోని తొమ్మిది విదేశీ సంస్థలకు 2023 డిసెంబరులో నోటీసులు వెళ్ళాయి. వాటి యాప్‌లు, వెబ్‌సైట్లు ఆపేశారు. అందులో ప్రపంచంలోకెల్లా పెద్దదైన బైనాన్స్‌కు 2024 జూన్‌లో 18.82 కోట్ల రూపాయల జరిమానా పడింది. ఇవన్నీ అవసరమే. దొంగ డబ్బు, మాదకద్రవ్యాల డబ్బు, ఆడపిల్లల్ని అమ్మిన డబ్బు ఈ దారిలో పోకుండా కాపలా ఉండాలని స్త్రీలుగా మనమే ముందు అడుగుతాం. కానీ ఈ నమోదుకూ లైసెన్సుకూ చాలా తేడా ఉంది. నమోదు చేసుకున్న సంస్థ ప్రభుత్వానికి సమాచారం ఇస్తానని ఒప్పుకుంది, అంతే. ఖాతాదారుల సొమ్ము భద్రంగా ఉంచుతానని ఎవరికీ పూచీ ఇవ్వలేదు. జరిమానా పడితే అది ఖజానాకు చేరుతుంది. నష్టపోయినవాళ్ళకు అందులో పైసా రాదు. అయినా 'ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థ' అని ప్రకటనల్లో రాసుకోవడానికి ఆ నమోదు కాగితం చక్కగా పనికొస్తుంది. గ్రామంలో ఆ కాగితాన్ని చూసే స్త్రీ దాన్ని చదువుకునేది లైసెన్సుగానే.

ఈ తేడా ఎంత ఖరీదైనదో 2024 జులై 18న తెలిసింది. వజీర్ఎక్స్ అనే ఎక్స్ఛేంజి నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా, అంటే దాదాపు రెండువేల కోట్ల రూపాయల విలువైన నాణేలు దొంగలపాలయ్యాయి. మన దేశంలో లక్షలాది మంది వాడిన సంస్థ అది. ఎవరూ తమ సొమ్ము తీసుకోకుండా ఖాతాలు స్తంభింపజేశారు. అప్పుడు బయటపడింది, ఖాతాదారుల నాణేలను చూసుకునే సంస్థ సింగపూర్‌లో ఉందని. నష్టాన్ని ఎలా పంచాలో తేల్చే విచారణ సింగపూర్ హైకోర్టులో జరిగింది. దొంగతనం జరిగిన నాణేలు ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అనే భేదం లేకుండా నష్టాన్ని అందరికీ పంచాలన్న పథకానికి అక్కడ ఆమోదం దొరికింది. పదిహేను నెలల తర్వాత, 2025 అక్టోబరులో గానీ ఎక్స్ఛేంజి తిరిగి తెరుచుకోలేదు. ఏలూరులోనో ఖమ్మంలోనో ఉండి లక్ష రూపాయలు పెట్టిన మనిషి సింగపూర్ హైకోర్టులో వకీలును ఎలా పెట్టుకోగలదు?

అయితే ఒక స్త్రీ పోరాడింది. చెన్నై నుంచి ఈ సంస్థలో దాదాపు రెండు లక్షల రూపాయలు పెట్టి ఎక్స్ఆర్‌పీ అనే నాణేలు కొన్న ఆమె మద్రాసు హైకోర్టుకు వెళ్ళింది. ఆమె వాదన చాలా సూటిగా ఉంది. దొంగలెత్తుకుపోయినవి వేరే రకం నాణేలు, నావి కావు. నావి భద్రంగానే ఉన్నప్పుడు ఇతరుల నష్టానికి నా సొమ్ము ఎందుకు కోస్తారు? 2025 అక్టోబరులో న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ ఆమె వాదనను ఆమోదిస్తూ, క్రిప్టో నాణెం చట్టం దృష్టిలో ఆస్తి అని, ఒకరి తరఫున మరొకరు నమ్మకంగా దాచి ఉంచగల ఆస్తి అని చెప్పారు. వివాదం మధ్యవర్తుల ముందు తేలేవరకూ ఆమె సొమ్ముకు రక్షణ కల్పించారు. సింగపూర్‌లో జరిగిన ఏర్పాటును చూపించి ఇక్కడి కోర్టు నోరు మూయించలేరని కూడా ఆ తీర్పు వల్ల తేలింది. ఆమె చెన్నైలోని బ్యాంకు ఖాతా నుంచి డబ్బు పంపింది, ఇక్కడ నడిచే కంపెనీ ఆర్థిక నిఘా విభాగంలో నమోదై ఉంది. అంటే ఆమెకు ఒక చిరునామా దొరికింది. ఆ చిరునామా కోసం ఆమె హైకోర్టు దాకా వెళ్ళాల్సి రావడమే మనం మాట్లాడుకోవాల్సిన సంగతి.

క్రిప్టో నాణెం ఆస్తి అన్న మాట చిన్నది కాదు. మనకు ఆస్తి హక్కు మాటలు కొత్త కాదు. కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా దేశమంతటికీ 2005లో వస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచే వర్తించింది. కానీ కాగితం మీది వాటా చేతికి రావాలంటే ఆ ఆస్తి ఎక్కడుందో తెలియాలి. భూమిని దాచలేరు కాబట్టి తహసీల్దారు కార్యాలయంలో దాని జాడ దొరుకుతుంది. బంగారం దాచినా అత్తవారి బీరువాలో ఎక్కడో ఉంటుంది. పన్నెండో ఇరవై నాలుగో మాటల వరస గుర్తుపెట్టుకుంటే చాలు, కోటి రూపాయలను తలలోనే మోసుకుపోగలిగే ఆస్తి ఇంతకుముందు లేదు. భర్త చనిపోతే ఆ మాటలతోపాటే సొమ్మూ పోతుంది. ఎక్స్ఛేంజిలో ఉన్న సొమ్ముకైనా బ్యాంకు డిపాజిట్లకు ఉన్నట్లు చట్టం నిర్దేశించిన నామినీ ఏర్పాటు లేదు. వితంతువు ఎవరికి అర్జీ పెట్టుకోవాలి?

భరణం కేసుల్లో ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పులు మొత్తం ప్రమాణపత్రంలో చూపాలని సుప్రీంకోర్టు 2020 నవంబరు 4న ఆదేశించింది. గృహహింస చట్టం భార్యకు హక్కున్న ఆస్తులను భర్త అమ్మేయడాన్ని ఆర్థిక హింసగా గుర్తించింది. బ్యాంకు ఖాతాలను, లాకర్లను కదపకుండా మేజిస్ట్రేటు ఆపవచ్చని కూడా చెప్పింది. 2005లో ఆ చట్టం రాసిన రోజుల్లో ఆస్తి ఉండే చోట్లు అవే. ఇప్పుడు మేజిస్ట్రేటు ఆదేశం ఇచ్చినా, అది అందుకుని అమలుచేయడానికి దేశంలో లైసెన్సుతో నడిచే సంస్థ ఒకటి ఉండాలి. భర్త సొమ్ము నమోదైన ఎక్స్ఛేంజిలో ఉంటే దారి ఉంది. ఆదాయపు పన్ను రిటర్నులో ఈ ఆస్తుల లాభాలు చూపడానికి విడిగా పట్టిక ఉంది, కోర్టు ద్వారా దాన్ని తెప్పించమని అడగవచ్చు. ఒక శాతం పన్ను మూలంలో కోసుకున్న జాడ కూడా ఉంటుంది. పన్ను కోసం ప్రభుత్వం వేసిన వల ఈ ఒక్కచోట మనకు పనికొస్తుంది. మన వకీళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. లైసెన్సు లేని విదేశీ సంస్థలో ఉంటే మాత్రం ఆదేశం కాగితంగానే మిగులుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. దాచుకోవడం భర్తలు మాత్రమే చేసే పని కాదు. పోపుల డబ్బాలో, బియ్యం కుండలో స్త్రీలు దాచుకున్న డబ్బు ఎన్నో కాపురాల్లో ఆకలిని ఆపింది, కొందరికి తన్నుల నుంచి పారిపోవడానికి బస్సు చార్జీ అయింది. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దు చేసినప్పుడు ఆ డబ్బంతా భర్తల ముందు, అత్తల ముందు బయటపెట్టుకోవాల్సి వచ్చిన స్త్రీల అవమానం మనం మరచిపోలేదు. కాబట్టి భార్యాభర్తల క్రిప్టో ఖాతాలు ఒకరివి ఒకరికి తెలియాలన్న డిమాండు మేం చేయం. అది స్త్రీ చేతిలో ఉన్న కాస్త స్వేచ్ఛను కూడా లాక్కుంటుంది. మేం అడిగేది కోర్టు అడిగినప్పుడు సంస్థ జవాబు చెప్పి తీరాలని. మొగుడు అడిగితే చెప్పకూడదని కూడా.

కొత్త మార్గదర్శకాల్లోని ఫోటో, అక్షాంశ రేఖాంశాల సంగతి మమ్మల్ని కలవరపెడుతున్నది కూడా ఇందుకే. స్త్రీ ముఖం, ఆమె ఇంటి చోటు ఒక వ్యాపార సంస్థ చేతిలో ఉంటాయి. రుణ యాప్‌ల వాళ్ళు స్త్రీల ఫోటోలను మార్చి బంధువులందరికీ పంపి చేసిన ఘోరం చూసినవాళ్ళం. భర్త హింస నుంచి తప్పించుకుని వేరే ఊళ్ళో తలదాచుకున్న స్త్రీకి ఆమె ఉన్న చోటు బయటపడటం ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం. రెండువేల కోట్ల నాణేలనే కాపాడుకోలేని రంగం ఈ వివరాలను కాపాడుతుందని నమ్మమంటున్నారు. సేకరించమన్న ప్రభుత్వం, అవి బయటికి పొక్కితే ఆ స్త్రీకి సంస్థ ఎంత నష్టపరిహారం కట్టాలో కూడా చెప్పి ఉండాల్సింది.

ఇతర దేశాలు ఏం చేశాయన్నది చూడాలి గానీ, వాటిని చూసి మురిసిపోనవసరం లేదు. జపాన్‌లో 2014లో మౌంట్ గాక్స్ అనే ఎక్స్ఛేంజి కూలిన తర్వాత 2017 ఏప్రిల్ నుంచి నమోదు తప్పనిసరి చేశారు. దరఖాస్తు పరిశీలనలో ఉండగానే వ్యాపారం చేసుకోనిచ్చిన కాయిన్‌చెక్ అనే సంస్థ నుంచి 2018 జనవరిలో 50 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము పోయింది. తర్వాత నిబంధనలు బిగించి, ఖాతాదారుల సొమ్ములో అత్యధిక భాగం ఇంటర్నెట్‌తో సంబంధం లేని చోట ఉంచాలన్నారు. ఐరోపా సమాజం చట్టం 2024 డిసెంబరు 30 నుంచి ఈ సంస్థలన్నిటికీ వర్తించింది. ఖాతాదారుల సొమ్మును సంస్థ సొమ్ముతో కలపకూడదని, సంస్థ బాధ్యత వల్ల సొమ్ము పోతే పోయిననాటి విలువ మేరకు సంస్థే కట్టాలని అందులో రాశారు. పోయిన సొమ్ము గురించి మాట్లాడిన చట్టం అది. హాంకాంగ్‌లో 2023 జూన్ 1 నుంచి లైసెన్సులు తప్పనిసరి చేశారు. నాలుగు నెలలు తిరగకముందే లైసెన్సు లేని జేపీఈఎక్స్ అనే సంస్థ మెట్రో రైళ్ళలో ప్రకటనలు వేసి, పేరున్న వాళ్ళ చేత చెప్పించి 2,500 మందికి పైగా ముంచింది. చట్టం ఉంటే సరిపోదు, లైసెన్సు లేనివాడి ప్రకటనను ఆపే చెయ్యి కూడా ఉండాలి.

దుబాయ్ సంగతి మనకు దగ్గరిది. అక్కడ 2022లో ఈ వ్యాపారానికి విడిగా నియంత్రణ సంస్థను పెట్టారు. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పోయిన మగవాళ్ళు, ఇళ్ళలో పనికి పోయిన ఆడవాళ్ళు నెలనెలా పంపే డబ్బు మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. ఆ డబ్బును 'దుబాయ్ లైసెన్సు ఉన్న కాయిన్‌'లో పెట్టమని ఎవరైనా చెబితే అడగాల్సింది ఒకటే. జగిత్యాలలో ఉన్న భార్య ఫిర్యాదు ఎక్కడ తీసుకుంటారు? అక్కడి లైసెన్సు ఇక్కడి మనిషికి ఇక్కడి కోర్టులో ఏ హక్కూ ఇవ్వదు.

నిజానికి పరాయి దేశాల దాకా పోనక్కరలేదు. మన చిట్టీల చట్టం ఉంది. 1982 నాటి ఆ చట్టం ప్రకారం చిట్టీ మొదలుపెట్టేముందే ఫోర్‌మన్ ఆ చిట్టీ మొత్తానికి సమానమైన హామీని రిజిస్ట్రారు పేర ఉంచాలి. ప్రతి పాట వివరాలూ రాసి రిజిస్ట్రారుకు అందించాలి. ఫోర్‌మన్ కమీషన్‌కు చట్టంలో పరిమితి ఉంది. తగాదా వస్తే అదే రిజిస్ట్రారు ముందు పెట్టుకోవచ్చు. ఈ చట్టం ఉన్నా నమోదుకాని చిట్టీలు వీధివీధినా నడుస్తున్నాయనీ, వాటిని నడిపేదీ మునిగేదీ ఎక్కువగా స్త్రీలేననీ మాకు తెలుసు. అయినా ఆ చట్టం రాసినవాళ్ళు ఒక సంగతి అర్థం చేసుకున్నారు. పదిమంది సొమ్ము చేతిలో పెట్టుకునేవాడు ముందు తన సొమ్ము కొంత బయటపెట్టాలి. లక్ష రూపాయల చిట్టీ నడిపే మనిషికి ఉన్న ఈ షరతు, వందల కోట్లు చేతిలో పెట్టుకునే ఎక్స్ఛేంజికి లేదు.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన డిపాజిటుదారుల రక్షణ చట్టం, 2019లో కేంద్రం తెచ్చిన నియంత్రణ లేని డిపాజిట్ల నిషేధ చట్టం మోసగాళ్ళ ఆస్తులు జప్తు చేసి పంచే మార్గం చూపాయి. వాటిని తప్పించుకోవడానికి ఒక పాత ఎత్తు ఉంది. అగ్రిగోల్డ్ వాళ్ళు మేం డిపాజిట్లు తీసుకోలేదు, స్థలాలు అమ్మామన్నారు. ఇప్పటివాళ్ళు మీరు కాయిన్లు కొన్నారు, ధర పడిపోతే మేమేం చేస్తామంటారు. పైగా అగ్రిగోల్డ్‌కు జప్తు చేయడానికి భూములైనా ఉన్నాయి. నాణేలు నిమిషంలో దేశం దాటతాయి. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకునే లోపే ఏమీ మిగలదు.

అందుకే రేపు పార్లమెంటు ముందుకు క్రిప్టో చట్టం వస్తే అందులో ఏముండాలో ఇప్పుడే గట్టిగా చెప్పాలి. పెద్ద ఎక్స్ఛేంజీల యజమానులు పన్ను తగ్గించమని ఢిల్లీలో ఎప్పుడూ వినిపిస్తూనే ఉన్నారు. రిజర్వు బ్యాంకు తన భయాలు చెబుతోంది. వినపడనిది కొన్నవాళ్ళ గొంతు. మన సంఘం ఆర్థిక శాఖకు పంపబోయే వినతిపత్రంలో చిట్టీల చట్టంలో ఉన్నటువంటి ముందస్తు హామీ, ఖాతాదారుల సొమ్మును విడిగా ఉంచడం, ఈ దేశంలోనే బాధ్యత వహించే కార్యాలయం, జిల్లా స్థాయిలో తెలుగులో రాసిచ్చినా తీసుకునే ఫిర్యాదు వ్యవస్థ, నామినీ, కోర్టు ఆదేశానికి గడువులోగా జవాబు అనేవి అడుగుతున్నాం. నమోదు కాగితాన్ని ప్రభుత్వ హామీగా చూపి ప్రకటన వేస్తే అది నేరం కావాలని కూడా. గృహహింస చట్టంలో బ్యాంకు ఖాతాల పక్కన డిజిటల్ ఆస్తులను చేర్చాలన్న కోరికను న్యాయశాఖకు విడిగా పంపుతాం.

ఈలోగా మోసపోయినట్లు తెలిసిన స్త్రీలు సిగ్గుపడి, ఇంట్లో తిడతారని భయపడి వారాల తరబడి ఆగుతున్నారు. ఆగకండి. 1930 నంబరుకు వెంటనే ఫోను చేయండి, డబ్బు ఇంకా బ్యాంకు ఖాతాల్లోనే తిరుగుతుంటే ఆపడానికి కొంత అవకాశం ఉంటుంది. డబ్బు పంపిన రసీదులు, యాప్‌లో కనిపించిన అంకెల ఫోటోలు, వాట్సప్ సందేశాలు చెరిపేయకండి. సొమ్ము వెనక్కి రావాలంటే ముందు పన్ను కట్టమనో, ఫీజు కట్టమనో అడిగితే కట్టకండి. కొనిపించిన మనిషి మీ సంఘంలోని తోటి స్త్రీ అయితే ఆమె మీద కోపంతో అక్కడితో ఆగిపోవద్దు, చాలాసార్లు ఆమె సొమ్ము కూడా అందులోనే పోయి ఉంటుంది. ఇద్దరూ కలిసి ఫిర్యాదు ఇస్తే కేసు బలంగా నిలబడుతుంది.